నీడల డాక్టరమ్మ సంతకం

"సాయంత్రం ఐదింటి దాకా టైముంది. ఆ ఆప్షన్ మార్చెయ్. అంతే, నేనింక ఒక్క మాట కూడా మాట్లాడను," అన్నాడు డాక్టరమ్మ తమ్ముడు. అన్నాక మరో పది నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు.

నిన్న సాయంత్రం ఫోన్లో మొదలైన గొడవ తెల్లారేసరికి కారెక్కి ఇంటికే వచ్చేసింది. భోజనాల బల్ల మీద కాఫీలు చల్లారిపోతున్నాయి. ఒక్క అమ్మమ్మ మాత్రం తన కప్పు ఖాళీ చేసి, రెండోది తెచ్చిపెట్టేవాళ్ళెవరా అని చుట్టూ చూస్తోంది.

గొడవకు కారణమైన పిల్ల బల్లకు ఆ చివర గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మకు ఒక్కతే కూతురు. మెడిసిన్ పూర్తిచేసి, పై చదువుకు రాసిన పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకుంది. మూడో ర్యాంకంటే ఏ సీటయినా నడిచొచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. అలాంటిది గుండె వైద్యం వదిలేసి, మామయ్య చేసే సర్జరీ వదిలేసి, అమ్మ చేసే రేడియాలజీని ఆప్షన్‌గా పెట్టుకుంది. ఎక్స్‌రేలూ స్కాన్లూ చదివే పని.

"నువ్వైనా చెప్పక్కా! ఆరుగురు కూర్చుని ఫిల్ములు చదివే మీ గదిలో ఇక ఇద్దరే కూర్చుంటారని నీకు తెలీదా? కొత్తగా వచ్చిన ఆ మిషన్‌కి ఒక ఫిల్ము చదవడానికి రెప్పపాటు చాలు. నీకెంతసేపు పడుతుంది?"

"ఫిల్మును బట్టి," అంది డాక్టరమ్మ. పొద్దుట్నుంచి ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

హాస్పిటల్లో ఆమెను నీడల డాక్టరమ్మ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా మసక వెలుతురు గదిలో తెర ముందు కూర్చుని మనుషుల ఒంట్లోని నీడలు చదువుతోంది. ఏ నీడ మామూలుదో, ఏది కాదో రాసి కింద సంతకం పెడుతుంది. ఆ సంతకం చూశాకే సర్జన్లు కత్తి పట్టుకుంటారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఎంత గర్వమో మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు.

"మిషన్ తెచ్చింది నువ్వే కదా మామయ్యా," అంది పిల్ల. "కమిటీకి పెద్దవాడివి నువ్వు. కొనమని రాసింది నువ్వు."

"నేనే. అందుకే చెప్తున్నా. దాని సంగతి నాకు తెలిసినంత నీకు తెలీదు. వద్దంటే ఆగేది కాదు అది. మనం తేకపోతే పక్కవాళ్ళు తెస్తారు, వాళ్ళ రోగులు మనకన్నా ముందు బాగుపడతారు. అందుకు తెచ్చా. తెచ్చిన చేత్తోనే నా మేనకోడల్ని దాని నోట్లో పెట్టమంటావా?"

"ఏమోయ్, ఆ మిషన్లు అందరింటికీ ఒకేలా రాలేదు," అన్నాడు డాక్టరమ్మ భర్త. ఆయన వీధి చివర క్లినిక్కు నడిపే మామూలు జ్వరాల డాక్టరు. "నాకైతే చుట్టంలా వచ్చింది. రోజుకి అరవై మంది. ఇదివరకు వాళ్ళు చెప్తుంటే నేను తలొంచుకుని రాసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు మా మాటలు విని అదే రాసిపెడుతోంది. నేను మనిషి మొహం చూస్తున్నాను. మొన్నొక పెద్దాయన, పదిహేనేళ్ళ నుంచీ వస్తున్నాడు, 'అయ్యో, డాక్టరుగారికి మీసముందే!' అన్నాడు."

అమ్మమ్మ పకపకా నవ్వింది.

"నీకు నవ్వొస్తుంది బావా, ఎందుకు రాదు! నీ పని మాటల్ది, నా పని చేతుల్ది. అక్క పని కళ్ళది. ఆ కళ్ళ పనే ఆ మిషన్‌కి అబ్బింది. ఆ తేడా ఈ పిల్ల బుర్రకి ఎక్కట్లేదు."

"చేతులని మరీ ధీమాగా ఉండకు. పోయిన నెల, తనంతట తానే కుట్లేసే మిషన్ ఏదో వచ్చిందని చూడ్డానికెళ్ళింది నువ్వు కాదూ?"

తమ్ముడు కాఫీ కప్పు అందుకుని గటగటా తాగేశాడు. చల్లారిపోయిందని కూడా చూసుకోలేదు.

"అమ్మ వద్దంటే మారుస్తాను," అంది పిల్ల నెమ్మదిగా. "నువ్వు చెప్తే మార్చను మామయ్యా, నాన్న చెప్పినా మార్చను. అమ్మే చెప్పాలి."

అందరూ డాక్టరమ్మ వైపు చూశారు. ఆమె లేచి తన కప్పు తీసుకెళ్ళి సింకులో పెట్టింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె హ్యాండ్‌బ్యాగులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. దాని సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"పదింటికి హాస్పిటల్‌కి రా," అంది కూతురితో. "కోటు వేసుకుని రా. చూశాక మాట్లాడుకుందాం."

"ఏం చూడాలి?"

"నన్ను."

*

ఫిల్ములు చదివే గదిలో ఎప్పుడూ సంధ్యవేళలాగే ఉంటుంది. ఆరు కుర్చీలు, ఆరు జతల తెరలు. డాక్టరమ్మ తన కుర్చీలో కూర్చుని కాగితం మడతలు విప్పింది.

కొత్త మిషన్ పనితనం తెలుసుకోవడానికి కమిటీవాళ్ళు గడిచిన ఏడాది కాలంలో తీసిన ఛాతీ ఎక్స్‌రేలన్నీ దానికి చూపించారు. డాక్టర్లు చదివి సంతకాలు పెట్టేసినవి. ఎక్కడ తనకు అనుమానమో అక్కడ మిషన్ ఎర్రటి సున్నా చుట్టింది. ఎవరి సున్నాలు వాళ్ళకు పంపారు.

డాక్టరమ్మకు పదకొండు వచ్చాయి. పదింటిని ఆమె కూర్చున్నపళంగా కొట్టిపారేసింది. ఇది ఎప్పుడో మానిపోయిన పాత మచ్చ. ఇది పక్కటెముక నీడ. ఇదైతే చొక్కా గుండీ. పదకొండోదాన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆ ఫిల్ము తెర మీద పెట్టింది. కుడివైపు పైన, కాలర్ ఎముకా మొదటి పక్కటెముకా ఒకదాన్నొకటి దాటే చోట, శనగగింజంత నీడ. ఒకసారి కనబడ్డాక ఇక అదే కనబడుతోంది. దాన్ని దాటి కళ్ళు ఎలా జారిపోయాయో ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. కింద ఆమె రాసిన వాక్యం ఉంది. "అంతా మామూలుగా ఉంది." దాని కింద ఆమె సంతకం, ఎప్పట్లాగే గుండ్రంగా, పొందిగ్గా.

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ టోపీతో తమ్ముడు. ఒక ఆపరేషన్ ముగించి, రెండోది మొదలయ్యేలోపు పరుగున వచ్చినట్టున్నాడు. వెనక్కి చూసి తలుపు వేశాడు.

"నిన్ననే చూశానక్కా. పొద్దున్నే ఇంటికి ఊడిపడింది అందుకే. పిల్ల గొడవ సగమే."

"అనుకున్నా."

"ఇది ట్రయల్. దీని ఫలితాలు రోగులకి చెప్పాలని ఎక్కడా లేదు. అయినా ఆ ఫిల్ము తాలూకు ఆవిణ్ణి వదిలేద్దామనట్లేదు. ఇంకేదో వంకతో పిలుద్దాం. ఫిల్ము పాడైంది, మళ్ళీ తియ్యాలందాం. స్కాన్ తీద్దాం, వైద్యం చేద్దాం. ఆవిడకి జరగాల్సిందంతా జరుగుతుంది. నీ పేరు మాత్రం ఎక్కడా రాదు."

"ఫిల్ము పాడైందని చెప్పాలా?"

"ఏదో మాటవరసకి."

"ఫిల్ము బాగానే ఉందిరా. చూసిన నేనే ఆ రోజు బాగా లేను."

తమ్ముడు పక్క కుర్చీలో కూలబడ్డాడు. "సోమవారం కమిటీ కూర్చుంటుంది. ఆరుగురిలో ఉండే ఇద్దరూ ఎవరో తేలుస్తుంది. నీ పేరు మొదట రాసింది నేను. అక్కవని రాయలేదు. ఈ చుట్టుపక్కల నీ అంతటివాళ్ళు లేరని రాశాను. అది నాకు గొప్ప. నలుగురిలో చెప్పుకుంటాను. ఇవాళ ఈ కాగితం బయటపడితే నేను ఏ మొహం పెట్టుకుని..."

"ఆవిడకి ఏడున్నరకే ఫోన్ చేశాను. దారిలో ఉంది."

తమ్ముడు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఒక్కసారి నన్ను అడగొచ్చు కదా అక్కా."

"అడిగితే వద్దనేవాడివి," అంది ఆమె. "నువ్వు వద్దన్నాక చెయ్యడం నాకు కష్టం."

*

వచ్చినామె స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే టైలరమ్మ. నలభై ఆరేళ్ళు. కొలతల టేపు మెళ్ళోనే ఉంది, తియ్యడం మర్చిపోయి వచ్చింది. డాక్టరమ్మ తన గదిలో ఆమెను కూర్చోబెట్టి, తను బల్లకు అవతలి వైపు కూర్చోకుండా ఆమె పక్కనే ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. పిల్ల తెల్లకోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది.

"మార్చిలో మీరు దగ్గుతో వచ్చారు. ఎక్స్‌రే తీశారు. అది చూసి అంతా మామూలుగా ఉందని రాసింది నేనే," అంది డాక్టరమ్మ. "అది తప్పు. అందులో చిన్న నీడ ఒకటుంది. నేను చూడలేదు."

టైలరమ్మ ఆమె మొహంలోకి చూసింది. "కనబడలేదా? చూడలేదా?"

"కనబడేదే. నేను చూడలేదు."

టైలరమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.

"ఎనిమిది నెలలు."

"అవును. ఎనిమిది నెలలు."

"మరిప్పుడు ఎవరు చూశారు?"

"కొత్తగా ఒక మిషన్ వచ్చింది. అది చూసింది."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"అయితే ఎందుకు చెప్పారు?" టైలరమ్మ గొంతు ఒక్కసారి లేచింది. "ఎందుకు చెప్పారంటున్నా! ఇంకేదో చెప్పి స్కాన్ తీసుంటే సరిపోయేది కదా. ఇప్పుడు నేను ఈ ఎనిమిది నెలలూ లెక్కపెట్టుకుంటూ కూర్చోనా?"

"ఆ ఫిల్ము కింద నా సంతకం ఉందమ్మా. మీరు దాన్ని నమ్మే ఇంటికెళ్ళారు."

టైలరమ్మ విసురుగా లేచింది. తలుపు దాకా వెళ్ళి పిడి మీద చెయ్యి వేసింది. పిల్ల పక్కకు తప్పుకుంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆమె అలాగే అటు తిరిగి నిలబడే మాట్లాడింది.

"నేను కుట్టిన చొక్కాకి కాలరు వంకరపోయిందనుకోండి. వాళ్ళొచ్చి అడిగేదాకా ఆగను. నేనే వెళ్ళి అడిగి తెచ్చుకుని, విప్పి, మళ్ళీ కుట్టి ఇచ్చొస్తా. మా ఆయన తిడతాడు, ఎవరూ చూడనిదానికి ఎందుకే అని." ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కానీ ఇది చొక్కా కాదు డాక్టరమ్మా."

"కాదమ్మా."

"ఏం చేస్తారిప్పుడు?"

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ముందు స్కాన్ తియ్యాలి. నీడ పెరిగిందేమో చూడాలి. పెరిగుంటే వీపు వైపు నుంచి సన్నటి సూది పంపి, గింజలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అది చెడ్డదా కాదా అప్పుడు గానీ తెలియదు. సూది పని ఫిల్ములు చదివే ఆరుగురిలో ఇద్దరికే వచ్చు. ఒకరు తను, రెండోవారు ఇంకో డాక్టరు, ఆయన కూడా చాలా మంచివాడు.

"మీకు నా మీద నమ్మకం పోయుంటుంది. ఆయన్నే పిలుస్తాను. నేనేమీ అనుకోను."

టైలరమ్మ మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంది. మెళ్ళోని టేపు తీసి, వేలికి చుట్టుకుంది.

"మీరే చెయ్యండి. ఇవాళ నా విషయంలో మీ అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్ళు ఈ ఆసుపత్రి మొత్తంలో దొరకరు."

*

నీడ పెరిగింది. మార్చిలో తొమ్మిది మిల్లీమీటర్లు, ఇప్పుడు పద్నాలుగు. రక్తపరీక్షలు వచ్చేసరికి ఒంటిగంట అయింది.

టైలరమ్మను స్కాన్ బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. చోటు మంచిది కాదు. ముందు ఎముక, పక్కనే చేతికి వెళ్ళే పెద్ద రక్తనాళం. రెండిటి మధ్యా వేలు దూరేంత సందు కూడా లేదు. సూది వెళ్ళాల్సిన దారిని మిషన్ తెర మీద ఆకుపచ్చ గీత గీసి చూపించింది. డాక్టరమ్మ ఆ గీతను అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది.

"బాగా గీసింది," అంది కూతురితో. "నేనైనా ఇదే గీద్దును. ఇక్కణ్ణుంచి మన పని. ఆవిడ భయంతో బిగుసుకుంటే భుజం లేస్తుంది. భుజం లేస్తే ఈ గీత చెల్లదు. చూస్తూ ఉండు."

ఆమె టైలరమ్మ తల దగ్గర వంగింది. "ఏమండీ, కాలరు వంకరపోకుండా ఉండాలంటే ఎక్కడ మొదలెట్టాలి కుట్టు?"

"ఇప్పుడా అడగడం?"

"నేనెప్పుడూ వంకరే కుడతాను, అందుకని."

"మధ్యలో మొదలెట్టాలి," అంది టైలరమ్మ దిండులోంచి. "మధ్యనుంచి అటు కొంతా ఇటు కొంతా. ఒక కొస నుంచి లాక్కుపోతే రెండో కొస ఎందుకు తిన్నగా వస్తుంది? మీ డాక్టర్లు అంతే, ఒక పక్కనుంచే లాగుతారు..." మాట్లాడుతున్నకొద్దీ భుజం నెమ్మదిగా కిందికి దిగింది.

"ఊపిరి పీల్చి కొంచెం వదలండి. అక్కడే ఆపండి. అంతే."

సూది దిగింది. మూడు విడతలుగా, ప్రతి విడత తర్వాతా ఒక చిత్రం. మూడో చిత్రంలో సూదిమొన నీడ నడిబొడ్డున ఉంది, రక్తనాళానికి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో. డాక్టరమ్మ చెయ్యి గోడకు కొట్టిన మేకులా కదలకుండా ఉంది. మొహంలో పొద్దుటి బరువు ఏ మూలా లేదు. ఇరవై ఆరేళ్ళ పని ఆ రెండు వేళ్ళలోకి వచ్చి కూర్చున్నట్టుంది.

"అయిపోయిందా?" అంది టైలరమ్మ.

"అయిపోయింది. నాలుగు రోజుల్లో ఫలితం వస్తుంది. నేనే ఫోన్ చేస్తాను. మంచైనా చెడైనా నేనే చేస్తాను."

"చెయ్యండి," అంది టైలరమ్మ. క్షమించానని అనలేదు. డాక్టరమ్మ అడగనూ లేదు.

అద్దం అవతల తమ్ముడు నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో. పిల్ల బయటికి రాగానే ఆమె భుజం పట్టుకుని ఆపాడు.

"మీ అమ్మ చెయ్యి చూశావా?" అన్నాడు. అంతవరకే. గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

*

ఇంటికి చేరేసరికి నాలుగున్నర. భర్త సాయంత్రం క్లినిక్కు మూసేసి ముందే వచ్చి కూర్చున్నాడు. అమ్మమ్మ గుమ్మంలోకి కుర్చీ వేయించుకుంది. డాక్టరమ్మ చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"చూశావుగా. మిగతాది కూడా విను. నీడలు వెతకడంలో ఆ మిషన్ నాకన్నా మేలు. ఇవాళ పదకొండు ఫిల్ముల్లో పదిట్లో తప్పు చెప్పింది, రేపు ఐదుట్లో చెప్తుంది, ఎల్లుండి ఒక్కదాంట్లోనూ చెప్పదు. రోజుకి వంద ఫిల్ములు చదివి సంతకం పెట్టే పని నీ దాకా రాదు. ఏం మిగుల్తుందో తెలుసా? సూది మిగుల్తుంది. అది చెప్పింది నిజమా అబద్ధమా అని తేల్చి కింద పేరు రాసే పని మిగుల్తుంది. పక్కన కూర్చుని మనిషికి చెప్పడం మిగుల్తుంది. ఆ పనికి ఆరుగురు అక్కర్లేదు. ఉండే రెండు కుర్చీల్లో ఒకటి నీకొస్తుందని నేను చెప్పలేను. నాకే ఉంటుందో ఉండదో తెలీదు."

"ఉండదా?" అన్నాడు భర్త.

ఆమె కాగితం సంగతి, టైలరమ్మ సంగతి మొత్తం చెప్పింది. జరిగిన తప్పు తనే రాసి, సంతకం పెట్టి, మూడింటికి కమిటీకి పంపించానని కూడా చెప్పింది. భర్త కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, "పాతికేళ్ళ క్రితం నేను చూసి చేసుకున్న మనిషి ఈవిడే," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"అమ్మా, ఒక మాట చెప్తా, తిట్టకు," అంది పిల్ల. "పొద్దున దాకా మామయ్య మీద పంతంతోనే పెట్టుకున్నా. నీలాగా చీకటి గదిలో రాణిలా కూర్చోవాలని చిన్నప్పట్నుంచీ ఉండేది, అదీ ఉంది. ఇవాళ ఆ తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆవిడ నిన్ను నిలదీస్తోంది. నువ్వు కళ్ళు దించుకోలేదు. గొంతు వణకలేదు. నాకు భయమేసింది, నేనైతే అలా చెప్పగలనా అని. చెప్పగలిగేదాకా నీ దగ్గర నేర్చుకోవాలనిపించింది."

ఫోన్ తీసి తల్లి ముందు పెట్టింది. తెర మీద ఖరారు చెయ్యమంటూ ఒక మీట.

"నువ్వు వద్దంటే ఇప్పుడే మార్చేస్తా."

డాక్టరమ్మ ఫోన్ని మళ్ళీ కూతురి వైపే జరిపింది. "పేరు కోసమైతే వద్దు," అంది. "పని కోసమైతే నొక్కు."

పిల్ల నొక్కింది. ఇంకా పదకొండు నిమిషాలు మిగిలుండగానే అయిపోయింది.

అమ్మమ్మ "నా మనవరాలు!" అని, ఎదురింట్లోకి వినబడేలా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లలోనే తమ్ముడు లోపలికి వచ్చాడు. చేతిలో అక్క రాసిన కాగితం. ఎవరి మీదా అరవలేదు. ఫోన్ వంక, మేనకోడలి మొహం వంక చూసి, "నొక్కేశావా? సరే," అన్నాడు. ఆ సరే విని అందరికీ ఆశ్చర్యమేసింది.

"కమిటీవాళ్ళు దీనికోసం ఇవాళే కూర్చుని చదివారక్కా. ఇలాంటి కాగితం ఇన్నేళ్ళలో వాళ్ళు చూడలేదట. ఒకాయన లేచి నిలబడి చదివాడు. నాకు..." గొంతు సవరించుకున్నాడు. "నాకు అక్కవని చెప్పుకోవడానికి ఇవాళే గర్వంగా అనిపించింది. కానీ ఒక ప్రశ్న వేశారు. ఒక్క ఏడాది చూస్తేనే ఒకటి బయటపడింది కదా, మిగతా ఏళ్ళ మాటేమిటి అని."

"కంప్యూటర్లో పన్నెండేళ్ళ ఎక్స్‌రేలూ స్కాన్లూ ఉన్నాయి," అంది డాక్టరమ్మ.

"రెండు లక్షల పైమాటే. నువ్వు ఒప్పుకుంటేనే మిషన్‌కి వేస్తారు. ఒప్పుకోకపోతే ఎవరూ అడగరు. నేను అడగనివ్వను."

"అన్నీ వెయ్యమను."

"ఎన్ని బయటపడతాయో తెలీదక్కా! నీ పేరు..."

"ఎన్ని వస్తే అన్ని. ఒక్కొక్కళ్ళకీ నేనే ఫోన్ చేస్తాను. నా పేరు తప్పులు చెయ్యనందుకు వచ్చిందని ఎవరన్నారు నీతో? చూసింది చూసినట్టు రాస్తానని వచ్చింది. ఇప్పుడు చూడలేదని తేలితే, చూడలేదని రాస్తాను. ఆ గదిలో నేనుంటానో, ఇంకొకరుంటారో, అది సోమవారం సంగతి."

భర్త లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

అప్పుడు గుమ్మంలోంచి అమ్మమ్మ అడిగింది. "ఆ పన్నెండేళ్ళలో మీ నాన్న స్కాన్ కూడా ఉంటుందా?"

అక్కా తమ్ముళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తొమ్మిదేళ్ళయింది ఆ మాట ఈ ఇంట్లో వినబడి. తండ్రి కడుపులో గడ్డ ఉన్నప్పుడు ఆ స్కాన్ చదివింది డాక్టరమ్మ. ఆపరేషన్ చెయ్యొచ్చని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకం చూసి కడుపు కోసింది తమ్ముడు. కోశాక చూస్తే అంతటా పాకిపోయి ఉంది. చేసేదేమీ లేక కుట్టేసి బయటికొచ్చాడు. ఆయన రెండు నెలలు కూడా బతకలేదు. నువ్వెలా రాశావని తమ్ముడు అడగలేదు. నువ్వు లోపల ఏం చూశావని అక్క అడగలేదు.

"ఉంటుందమ్మా," అంది డాక్టరమ్మ.

"అయితే ముందు అదే వెయ్యమను." ముసలావిడ గొంతు స్థిరంగా ఉంది. "నా పిల్లలిద్దరూ ఆ రోజు చెయ్యగలిగిందంతా చేశారని నాకు తెలుసు. మీకే తెలీక తొమ్మిదేళ్ళుగా ఒకరి ముందు ఒకరు తలొంచుకు తిరుగుతున్నారు."

"వద్దమ్మా," అన్నాడు తమ్ముడు.

ఆ ఒక్క మాటలో ఏదో ఉంది. ఇరవై ఆరేళ్ళు నీడల్లో తేడాలు వెతికిన మనిషికి అది ఇట్టే దొరికింది. డాక్టరమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"ఎందుకు వద్దు?"

అతను చేతిలోని కాగితాన్ని మడతపెట్టసాగాడు.

"వేసేశావు కదూ?"

"మిషన్ వచ్చిన మొదటి రోజే," అన్నాడు. "మొట్టమొదట దానికి చూపించింది నాన్న స్కానే అక్కా."

భర్త కుర్చీ ముందుకు జరిపాడు, ఆమె కూర్చుంటుందేమోనని. డాక్టరమ్మ దాన్ని పక్కకు నెట్టింది.

"చెప్పు," అంది తలెత్తి. "నిలబడే వింటాను. ఎక్కడ చుట్టింది సున్నా?"